‘మా ఋణస్థులను’ దగ్గర ఆగిపోయిన ప్రార్థన: ఒక చీటీ బాకీ కేసు

నేను విశాఖపట్నంలో, గాజువాక వైపు ఒక క్రైస్తవ సంఘంలో పాస్టరల్ కౌన్సెలర్‌ని. ఆరాధన హాలు వెనక చిన్న గది ఉంది. మంగళ, శనివారాల సాయంత్రం అక్కడ కూర్చుంటాను. ఈ పద్నాలుగేళ్ళలో దేవుడు ఉన్నాడా లేడా అన్న సందేహంతో వచ్చినవాళ్ళు చాలా తక్కువ. అత్తగారికి ఎదురు చెప్పకుండా నిజం ఎలా చెప్పాలి, తమ్ముడు ఇవ్వని వాటా సంగతి ఏం చెయ్యాలి, తన మీద పితూరీ చెప్పినవాడితో అదే షిఫ్టులో ఎలా పనిచెయ్యాలి అని అడగడానికే ఎక్కువమంది వస్తారు. ఈ కేసు కూడా అలాంటిదే. ఒక చీటీ బాకీ, శుక్రవారం ప్రార్థనలో జారిన ఒక మాట.

ఇందులో ఇద్దరు స్త్రీలు ఉన్నారు. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. పేటలు, వృత్తులు, ఇంటి వివరాలు కొంత మార్చాను. నా దగ్గరికి వచ్చినావిడకి 48 ఏళ్ళు, ఆమెని పెద్దామె అంటాను. రెండో ఆమెకి 33, చిన్నామె అంటాను.

పెద్దామె గురించి మొదట ఫోన్ చేసింది మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు. “విశ్వాసంలో చల్లబడిపోయిందమ్మా, ఏదో శోధనలో ఉంది, కొంచెం మాట్లాడు” అన్నారు. తొమ్మిదేళ్ళుగా శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన నడిపించిన మనిషి రెండు నెలలుగా ఏదో ఒక వంక చెప్పి రావడం లేదు. ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం వెనక వరసలో కూర్చుని, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి బల్ల దగ్గరికి పిలిచే ముందే లేచి వెళ్ళిపోతోంది.

మొదటి రోజు ఆమె చెప్పినవి నా నోట్‌బుక్‌లో ఇలా ఉన్నాయి: రాత్రి రెండు దాటాక గానీ నిద్ర పట్టదు. గుండె దడ. మెడ పట్టేసినట్టు ఉంటుంది. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గానీ తలకెక్కవు. చివర్లో ఒక మాట: “పరలోక ప్రార్థన కూడా పూర్తి కావట్లేదక్కా.”

యేసు తన శిష్యులకి నేర్పిన ప్రార్థన అది, చిన్నపిల్లలకి కూడా నోటికి వస్తుంది. ఆ మాట రాసుకున్నాను. దాని గురించి అడగలేదు. ఎందుకు అడగలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

అడిగింది వేరే. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని నేరుగా అడిగాను. ఇది నేను ఎవరి దగ్గరా దాటెయ్యని ప్రశ్న. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. నా అనుభవంలో అడిగినప్పుడే మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. ఆమె లేదంది. అనిపిస్తే నాకు గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి గానీ ఫోన్ చెయ్యమని నంబర్ రాసిచ్చాను. అవసరమైతే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి తోడు వెళ్ళడం కూడా నాకు అలవాటే, ఈ కేసులో ఆ అవసరం రాలేదు. ముందు మామూలు డాక్టర్ దగ్గరికి పంపాను. బీపీ ఎక్కువగా ఉందని మాత్ర రాశారు. “మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టు కాదా?” అని అడిగింది. బైబిలులో అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకి ప్రార్థన ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు కదా అన్నాను. మాత్ర మానలేదు.

చీటీ సంగతి

పెద్దామె ఇంట్లో కుట్టుమెషీన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. భర్త ఆటో నడుపుతారు. ఆయన క్రైస్తవుడు కాదు, ఏటా చందనోత్సవానికి సింహాచలం వెళ్ళే మనిషి. భార్యని చర్చికి వెళ్ళొద్దని ఎప్పుడూ అనలేదు.

ఆమె చీటీలు కూడా నడిపేది. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకి 5,000, ఇరవై నెలలు. సభ్యుల్లో పదమూడు మంది సంఘంలోని స్త్రీలే. చిన్నామె నాలుగో నెల పాటలో 74,000 కే చీటీ ఎత్తుకుంది. అంటే 26,000 వదులుకుంది. అందులో 5,000 పెద్దామె కమిషన్, మిగతా 21,000 ఇరవై మందికీ తలా 1,050 చొప్పున తగ్గింది. అంత వదులుకుని ఎత్తేది నిజంగా అవసరంలో ఉన్నవాళ్ళే. చిన్నామె ఆ డబ్బుతో మొగుడి అప్పు తీర్చింది. తొమ్మిదో నెల దాకా సరిగ్గా కట్టింది. పదో నెలలో అతని కాంట్రాక్టు పని పోయింది, ఆమె కట్టడం ఆగిపోయింది. ఇంకా పదకొండు వాయిదాలు, 55,000. కట్టనివాళ్ళకి నెలనెలా వచ్చే తగ్గింపు ఉండదన్నది పెద్దామె పెట్టుకున్న నియమం, కాబట్టి మొత్తానికి మొత్తం బాకీ.

చీటీ ఆగితే మిగతావాళ్ళు ఇంటి మీదికి వస్తారు. పెద్దామె ఎవరికీ చెప్పకుండా తన రెండు పేటల గొలుసు తాకట్టు పెట్టి గోల్డ్ లోన్ తీసుకుంది, ఆ వాయిదాలు తనే కట్టింది. గొలుసు బీరువాలో ఉందనే భర్త అనుకుంటున్నారు.

1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఇలాంటి చీటీకి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆమెది లేదు, ఉండాలని తెలియదు కూడా. నమ్మకం మీద నడిచేదానికి కాగితం దేనికని మన సంఘాల్లో చాలామంది అనుకుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. కాగితం లేకపోవడం వల్ల నమ్మకం మీద మొయ్యలేనంత బరువు పడుతుంది. చివరికి విరిగేది అదే.

నా పొరపాటు

ఇదంతా విన్న రెండో సెషన్లోనే క్షమాపణ గురించి మాట్లాడాను. మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని ఉపమానం తీశాను. పదివేల తలాంతుల పెద్ద అప్పు క్షమించబడిన దాసుడు, తనకి నూరు దేనారాల చిన్న బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకున్న కథ. ఆమె తల వంచుకుని విన్నది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, “అంటే నేను ఆ చెడ్డ దాసుడినా అక్కా? గొలుసు పోయింది నాది కదా” అంది.

మూడు వారాలు రాలేదు.

ఆ మూడు వారాలూ నా మీద నాకే బాధగా ఉండేది. నేను చెప్పిన వాక్యంలో తప్పు లేదు. కానీ ఆమె నష్టం ఎంతో, ఎలా జరిగిందో పూర్తిగా వినకముందే చెప్పేశాను. బైబిలులోని యాకోబు పత్రికలో “వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును” అని ఉంది. నేను దాన్ని తలకిందులు చేశాను. కౌన్సెలింగ్ నేర్చుకునే పిల్లలకి నేను మొదటి వారంలో చెప్పే పాఠమే ఇది.

ఫోన్ చేసి, “ఆ రోజు తొందరపడ్డానమ్మా, మళ్ళీ రా, ఈసారి వింటాను” అన్నాను. శనివారం వచ్చింది. అప్పుడు అడిగాను, పరలోక ప్రార్థన ఎక్కడ ఆగుతోందని.

“‘మా ఋణస్థులను’ అన్న చోట.”

మన తెలుగు బైబిలులో మత్తయి సువార్త ప్రకారం పరలోక ప్రార్థనలో ‘మా పాపములు’ అని ఉండదు. “మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము” అని ఉంటుంది. గ్రీకు మూలంలోనూ ఆ మాటకి అప్పు అనే అర్థం. చిన్నప్పటి నుంచి చెప్పి చెప్పి మనకి అది వినిపించడం మానేసింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు ఈ ఊరికే వచ్చి, తెలుగు నేర్చుకుని, సువార్తలని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. ఇప్పుడు మనం చదివేది ఆ అనువాదం కాదు, తర్వాత చాలా చేతులు దాటింది. అయినా ఆ పని మొదలైన ఊళ్ళోనే, చీటీలు నడుపుకునే ఒక స్త్రీ ఆ మాటని ఉన్నదున్నట్టు విని దాటలేక ఆగిపోవడం నన్ను కదిలించింది. ఆమె చల్లబడలేదు. మిగతా మా అందరికంటే నిజంగా ప్రార్థన చేస్తున్నది ఆమే.

“అంటే మొత్తం వదిలెయ్యాలా అక్కా? మరి గొలుసు ఎవరు విడిపిస్తారు?”

ఈసారి జవాబు చెప్పలేదు. ఒక రెండు రూళ్ళ నోట్‌బుక్ ఇచ్చి, మధ్యలో గీత గీయమన్నాను. ఎడమ పక్క ‘ఆమె నాకు ఇవ్వాల్సింది’, కుడి పక్క ‘నేను ఆమెకి ఇవ్వాల్సింది’. చీటీల లెక్కలు రాసే చెయ్యి కదా, ఆమెకి ఇది పరాయి పనిలా అనిపించదనుకున్నాను.

కుడి పక్క

ఎడమ పక్క వెంటనే నిండింది. 55,000. తాకట్టు వడ్డీ. పోయిన నిద్ర. ఫోన్ ఎత్తకుండా పడేసిన రోజులు, తేదీలతో సహా. అన్నీ నిజాలే, ఒక్కటి కూడా కొట్టెయ్యమనలేదు. కుడి పక్క రెండు వారాలు ఖాళీగా ఉంది. “నేను ఆమెకి ఏటి ఇవ్వాలక్కా? ఇచ్చేసినాను కదా అంతా” అనేది.

అప్పుడు మత్తయి 5:23, 24 చదివించాను. అర్పణ తెచ్చి బలిపీఠం దగ్గర పెట్టబోతుంటే గుర్తొస్తే, అది అక్కడే వదిలి వెళ్ళి ముందు సమాధానపడమని ఉన్న చోటు. ఏం గుర్తొస్తే? నీకు నీ సహోదరుడి మీద కోపం ఉందని కాదు, నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది.

చిన్నామె కట్టడం మానేసిన రెండో నెలలో, శుక్రవారం కూడికలో ప్రార్థన మనవులు అడుగుతున్నప్పుడు, “మన మధ్య ఒక సహోదరి మాట తప్పింది, అబద్ధంలో నడుస్తోంది, ఆమె మారుమనస్సు కోసం ప్రార్థన చెయ్యండి” అని తనే చెప్పింది. పేరు చెప్పలేదు. పదమూడు మందికి చీటీ ఉన్న చోట పేరు అక్కర్లేదు. ఆ తర్వాతి ఆదివారం చిన్నామె రాలేదు, ఆ తర్వాత కూడా. సండే స్కూల్‌కి వచ్చే ఆమె కూతురు కూడా మానేసింది.

మరుసటి మంగళవారం నోట్‌బుక్ తెచ్చింది. కుడి పక్క ఒకే మాట: ‘పేరు’.

డబ్బు కోసం ఏడ్చినప్పటి ఏడుపు వేరు, ఆ రోజుది వేరు.

ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను. ప్రార్థన మనవి పేరుతో మన కూడికల్లో జరిగే నష్టం చాలా పెద్దది. బయట అంటే చాడీ అని మనకే సిగ్గేస్తుంది. కళ్ళు మూసుకుని అంటే భారం అనిపిస్తుంది. మత్తయి 18:15 లో తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి మొదట ఒంటరిగా వెళ్ళమన్నాడు ప్రభువు. వినకపోతే ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘానికి. పెద్దామె చివరి మెట్టు నుంచి మొదలుపెట్టింది. అయ్యగారు కూడా ఇద్దరినీ పెద్దల ముందు కూర్చోబెడదామన్నారు. మొదటి మెట్టు ఇంకా ఎక్కలేదు అయ్యగారూ, కొన్నాళ్ళు ఆగండి అని అడిగాను. ఆయన ఆగారు. ఆ మేలు మర్చిపోలేను.

ఆ వారమే ఆమె ఒక ప్రసంగం విని ఉద్రేకంగా వచ్చింది. “మొత్తం వదిలేస్తానక్కా, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను.” ఎవరైనా సంతోషించే మాట. నేను ఆపాను. గొలుసు సంగతి ఇంట్లో తెలియదు. భర్తకి తెలియకుండా చేసే దానం మరో అబద్ధం మీద నిలబడుతుంది. పైగా అంత పెద్ద క్షమాపణ ఫోన్లో ప్రకటించేస్తే, కుడి పక్కన రాసుకున్న ఆ ఒక్క మాట గురించి మాట్లాడాల్సిన పని తప్పిపోతుంది. బాకీ క్షమించడం తేలిక, క్షమాపణ అడగడం కష్టం. ఆ రోజు ఆమె తేలికైనదాన్ని పట్టుకోబోయింది.

భర్తకి చెప్పడానికి రెండు వారాలు పట్టింది. ఆమె భయం తిట్ల గురించి కాదు. “‘నీ దేవుడి బిడ్డలే నిన్ను ముంచారు’ అంటారక్కా, దానికి నా దగ్గర జవాబు లేదు” అంది. జవాబు వెతకొద్దు, ఆ మాట అంటే ఒప్పుకో, దేవుడి తరఫున వకాల్తా తీసుకోకు అన్నాను. ఆయన ఆ మాటే అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తాకట్టు కాగితం అడిగి తీసుకుని, స్వయంగా వెళ్ళి వడ్డీ ఎంతైందో కనుక్కొచ్చారు. “ముందే చెబితే ఇంత అయ్యేది కాదు” అన్నారట. అంతే. ఆ రాత్రి ఆమె అయిదు గంటలు నిద్రపోయింది. నా లెక్కలో ఈ కేసులో మొదటి మలుపు అదే.

కంచరపాలెంలో ఒక సాయంత్రం

చిన్నామె ఇంటికి వెళ్ళే ముందు ఏం చెప్పాలో నా గదిలో ఐదారుసార్లు చెప్పించాను. ప్రతిసారీ చివర్లో ‘కానీ’ వచ్చేది. “నేను అలా అనకూడదు, కానీ నువ్వు ఫోన్ ఎత్తితే...” ఆ ‘కానీ’ పోవడానికి గంట పట్టింది. కూడా ఎవరినీ తీసుకెళ్ళొద్దు, బైబిలు చేతిలో పట్టుకుని వెళ్ళొద్దు, ప్రార్థన చేద్దామని అడగొద్దు అన్నాను. బైబిలుతో గుమ్మంలో నిలబడితే ఆ పిల్లకి ఎదురు చెప్పే దారి ఉండదు.

కంచరపాలెంలో అద్దె ఇల్లు. తలుపు తీసింది మొగుడు. “డబ్బులు కోసమా అక్కా? ఈ నెల కూడా లేవు.” పెద్దామె అక్కడే నిలబడి చెప్పింది: “డబ్బులు కోసం కాదు నాయనా.” చిన్నామె వంటింట్లోంచి వచ్చాక, “నీ గురించి శుక్రవారం కూడికలో మాట్లాడాను. నీతో ఒక్కసారి మాట్లాడకుండా అందరి ముందూ అన్నాను. తప్పు చేశాను” అంది.

చిన్నామె ఏమీ అనలేదు. గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. ఇద్దరూ కాసేపు అలా కూర్చున్నారు. పెద్దామె లేచి వచ్చేసింది.

నా దగ్గరికొచ్చి, “పనవ్వలేదక్కా” అంది. నాకైతే అయ్యిందనే అనిపించింది. అడిగిన వెంటనే క్షమించాలన్న ఒత్తిడి ఎదుటివాళ్ళ మీద పెట్టడం కూడా ఒక రకం బాకీ వసూలే.

పది రోజుల తర్వాత చిన్నామే ఫోన్ చేసింది. కూడికలో అన్న మాట కూడికలోనే సరిచెయ్యడానికి పెద్దామె ఆమె అనుమతి అడిగింది. “చెప్పండి గానీ నా పేరు గానీ, నా సంగతి గానీ మళ్ళీ ఎత్తొద్దు” అంది. అందుకని సాక్ష్యంలా, కథలా చెప్పకుండా మూడు వాక్యాలు తయారుచేసుకున్నాం. ఆ శుక్రవారం ఆమె లేచి, “ప్రార్థన మనవి అని చెప్పి నేను ఒకరి విషయం బయటపెట్టాను. అది నా తప్పు. ఆ విషయం ఇక్కడ ఇంకెవరూ మాట్లాడకుండా ఉంటే నాకు సాయం చేసినట్టు” అని కూర్చుంది. ఒకామె వెంటనే “ఎవరమ్మా, ఆ అమ్మాయేనా?” అని అడిగింది. పెద్దామె జవాబివ్వకుండా పాట ఎత్తుకుంది. ఆ క్షణం గురించి నాకు చెప్పినప్పుడు ఆమె ముఖం తేటగా ఉంది.

డబ్బు లెక్క చివర వచ్చింది. ఎగ్గొట్టినవాళ్ళకి తగ్గింపు ఉండదన్న నియమం సరైనదేనా అని ఆమె తనంతట తనే అడిగింది. బైబిలులోని సామెతల గ్రంథంలో “దొంగత్రాసు యెహోవాకు హేయము” అని ఉంది కదా, తన త్రాసు ఎలాంటిదో చూసుకోవాలంది. ఆ పదకొండు నెలల్లో తలకి వచ్చిన తగ్గింపు మొత్తం కూడితే 6,600 అయింది. అది తీసేస్తే 48,400. చిన్నామె నెలకి 2,000 కట్టగలనంది. 24 నెలలు రెండేసి వేలు, చివర 400. గోల్డ్ లోన్ వడ్డీ అడగకూడదని పెద్దామె, భర్త కలిసి అనుకున్నారు. ఇవన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఫిలేమోనుకి రాసిన పత్రికలో పౌలు, అతని దాసుడు ఒనేసిము బాకీని లేనట్టు కొట్టిపారెయ్యలేదు, అది నా లెక్కలో చేర్చు అని రాశాడు. ప్రేమ ఉన్న చోట లెక్క ఉండకూడదని పౌలు అనుకోలేదన్నమాట.

కాగితం రాసి పద్నాలుగు నెలలైంది. పదకొండు నెలల డబ్బు వచ్చింది, మూడు నెలలది రాలేదు. చిన్నామె మా సంఘానికి తిరిగి రాలేదు, ఇంటికి దగ్గరలో వేరే చర్చికి వెళ్తోంది. కూతుర్ని అక్కడే సండే స్కూల్‌లో వేసింది. అయ్యగారికి అది బాధగా ఉంది. నాకు మాత్రం చిన్నామె ఏదో ఒక సంఘంలో తలెత్తుకుని కూర్చుంటోందన్నదే ఊరట. చిన్నామెతో నేను మాట్లాడింది ఒక్కసారే, ఈ రాతకి అనుమతి అడగడానికి ఫోన్లో. మొదట్లోనే ఆమె కోసం కూడా ఒక మనిషిని ఏర్పాటు చేసి ఉండాల్సింది. ఆ పేరు పోయిన నెలల్లో ఆమె రాత్రుళ్ళు ఎలా గడిచాయో అడిగినవాళ్ళు లేరు. నా పనిలో ఇది లోటు.

పెద్దామె చీటీలు మానేసింది. బీపీ మాత్ర వేసుకుంటోంది, రాత్రి ఆరు గంటలు నిద్ర పడుతోంది. బల్ల దగ్గరికి వస్తోంది. శుక్రవారం కూడికలో ఇప్పుడొక పద్ధతి పెట్టింది: ఎవరి కోసం మనవి చెబుతున్నారో వాళ్ళని అడిగి వచ్చారా అని ముందు అడుగుతుంది. మొదట్లో కొందరికి కోపం వచ్చింది. మనవులు తగ్గాయి కూడా.

కోపం పూర్తిగా పోలేదు. డబ్బు రాని నెలల్లో మెడ మళ్ళీ పట్టేస్తుంది. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. పోయిన శనివారం వచ్చినప్పుడు, పదో తేదీ దాటినా ఈ నెల ఫోన్‌పే రాలేదని చెప్పింది. మెసేజ్ టైప్ చేసి నాలుగుసార్లు చెరిపేసిందట. ఫోన్ చెయ్యాలని నిర్ణయించుకుంది. ఏమని అడగాలో ఇద్దరం కూర్చుని అనుకున్నాం. డబ్బు సంగతే అడగాలి, వేరే మాటతో మొదలుపెట్టి దాన్ని దొంగతనంగా తేకూడదు అని ఆమే అంది. నా గదిలోంచే చేసింది. అవతల రింగ్ అవుతుంటే నేను లేచి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.